నలభై సకినాలతో ఇచ్చోడ దాకా

కరీంనగర్ నుంచి ఇచ్చోడకు రోజూ ఎంతోమంది వెళ్తుంటారు. ఒళ్ళో నలభై సకినాలు పెట్టుకొని, దిగిన చోటల్లా మూట విప్పి వాటిని లెక్కపెట్టుకుంటూ వెళ్ళినదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఒంటరిగా బస్సెక్కడం నాకు అదే మొదటిసారి. దారి పొడుగునా నేను మాట్లాడిన దానికంటే డైరీలో రాసుకున్నదే ఎక్కువ. అందులోంచే ఇది రాస్తున్నాను.

సకినం తెలియని వాళ్ళకు రెండు మాటలు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ళతో మెలిపెడుతూ బట్ట మీద చుట్టలు చుట్టలుగా పోసి, కాసేపు ఆరాక నూనెలో వేయిస్తాం. నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది. కానీ కాస్త గట్టిగా పట్టుకుంటే చేతిలోనే విరుగుతుంది. మా చిన్నమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్ళతో కలిసి సకినాలు చేసి ఊళ్ళకు పంపుతుంది. డిగ్రీ అయ్యాక నేనూ ఆమె దగ్గరే ఉంటున్నాను. చుట్టడం నాకు రాదు. కట్టడం నా పని. బుడగల షీటు చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టి, అట్టడబ్బాకు చుట్టూ టేపు వేసి, చిరునామా రాస్తాను.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్ళ వాళ్ళు నెలనెలా మా దగ్గర తెప్పించుకుంటారు. మా షెడ్డులో సగం పని వాళ్ళ వల్లే. దసరా అయిన వారానికి వాళ్ళ నుంచి ఒక ఫోటో వచ్చింది. పది డబ్బాలు విప్పగా మిగిలిన ప్లాస్టిక్‌ను నేల మీద కుప్పపోసి తీశారు. పక్కన నిలబడ్డ చిన్న పిల్ల నడుము దాకా ఉంది ఆ కుప్ప. కింద ఇలా రాశారు: "మీ సకినాలు మాకు కావాలి. ఇది మాత్రం వద్దు. వచ్చే నెల నుంచి ప్లాస్టిక్ లేకుండా పంపగలరా? కుదరకపోతే చెప్పండి, వేరే చోట చూసుకుంటాం."

ఆ కుప్పలో ప్రతి ముక్కా నా చేత్తో చుట్టిందే.

చిన్నమ్మ ముందు పేపర్లలో చుట్టి చూసింది. తెలిసినవాళ్ళు హైదరాబాద్ వెళ్తుంటే ఇచ్చి పంపింది. సాయంత్రం అందుకున్నవాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. "సకినాలు కాదక్కా, సకినాల పిండి అందింది. ఉప్మా చేసుకుంటం," అని నవ్వారట.

అప్పుడు అన్నది సరిత. మా దగ్గర పనిచేసే నలుగురిలో ఆమెది నిర్మల్ అవతల ఇచ్చోడ. "మా నానమ్మ పెండ్లికి సకినాలు ఎడ్లబండి మీద వచ్చినయంట. అడివి తొవ్వ. ఒక్కటంటె ఒక్కటి ఇరగలేదంట. అప్పుడు కవరుండెనా, టేపుండెనా?"

"ఎట్ల కట్టిన్రంట?" అంది చిన్నమ్మ.

"గది నాకేం ఎరుక? మా నానమ్మను అడగాలె. ఫోన్ల చెప్తె ఆమెకు ఇనవడది."

చిన్నమ్మ నా వైపు చూసింది. "నువ్వు పో. పొయ్యి కాడ నీతోని ఏం పని లేదు. రాసుడు వస్తది గద, అడిగి రాసుకొని రా." తర్వాత నలభై సకినాలు ఏరి అట్టడబ్బాలో పేపర్లు వేసి పేర్చింది. "దిగిన కాడల్ల లెక్కపెట్టు. ఎట్ల కడితె ఎన్ని ఇరుగుతున్నయో తెలుస్తది." డబ్బాను పెట్టుకోవడానికి గుడ్డ సంచీ కోసం ఇల్లంతా వెతికితే ఒక్కటీ దొరకలేదు. అన్నీ కవర్లే. చివరికి తన పాత నూలుచీర ముక్కలో మూట కట్టి నా చేతిలో పెట్టింది.

కొండగట్టు

"ముందుగాల అంజన్న కాడ పెట్టుకొని పో," అన్నది చిన్నమ్మ మాట. అందుకని కొండగట్టులో దిగాను. బస్సులో కాలేజీ అమ్మాయిలు నా మూటను చూసి ఒకరినొకరు గిల్లుకున్నారు. ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్టును వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మెట్ల దగ్గర కోతుల గుంపు. నా ముందు వెళ్తున్న ఒకాయన చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్ళు ఉన్న కవరు. ఒక కోతి గోడ మీదనుంచి దిగి, ఎంతో తీరిగ్గా, మన వస్తువు మనం తీసుకున్నట్టు ఆ కవరు తీసుకొని వెళ్ళిపోయింది. నేను మూటను గుండెకు హత్తుకొని కదలకుండా నిలబడ్డాను. కొబ్బరికాయలమ్మే ఆమె నవ్వింది.

"భయపడకు బిడ్డా. నీ మూట జోలికి రావవి. వాటికి కవరు చప్పుడు ఎరుకే. గరగర అన్నదంటె తిండి ఉన్నట్టు. గుడ్డల ఏమున్నదో వాటికేం తెల్వది."

నిజమే. మూడు కోతులు నా పక్కనుంచే వెళ్ళాయి. ఒక్కటీ తల తిప్పలేదు. 'మరి మీరు కవర్లలోనే ఇస్తున్నారు కదా' అని అడగాలనుకుంటూ ఆమె దుకాణంలో వేలాడుతున్న కవర్ల వైపు చూశాను. నా చూపు చూసి ఆమే చెప్పింది.

"సంచి తెచ్చుకోరు. కవరు లేదంటె పక్క దుకాణానికి పోతరు. నేనేం జేద్దు?"

కొండ వాలు నిండా చెట్ల మొదళ్ళలో కోతులు చించిపారేసిన కవర్లు. దర్శనం అయ్యాక ఆమె దుకాణం అరుగు మీదే మూట విప్పి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. విరిగిన రెండూ ఆమెకు ఇచ్చాను. నమిలి, "ఉప్పు జర తక్కువైంది," అంది. చిన్నమ్మకు ఈ మాట నేను ఇంతవరకు చెప్పలేదు.

ఖానాపూర్

జగిత్యాల దాటి, గోదావరి వంతెన మీదుగా ఖానాపూర్ చేరేసరికి పొద్దు వాలింది. డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్వప్నది ఆ ఊరే. వాళ్ళ నాన్న దుబాయిలో ఉంటాడు. నేను వెళ్ళేసరికి ఇంటి నడుమ ఒక పెద్ద కార్టన్, దాని చుట్టూ బట్టలు, అప్పాలని మేం పిలిచే పిండివంటలు. పక్కింటాయన మరో రెండు రోజుల్లో దుబాయి వెళ్తున్నాడట. ఆయనతో పంపడానికి స్వప్న వాళ్ళమ్మ సర్దుతోంది.

ఈ సర్దుడును అందరూ చూడాలి. బుడగల షీటు లేదు, పేపరు లేదు. అడుగున నాలుగు మడతల తువ్వాల. దాని మీద కారప్పూస డబ్బా, చుట్టూ బనీన్లు. కొత్త లుంగీలో సకినాలను వరసగా పెట్టి చాప చుట్టినట్టు చుట్టింది. మూలల్లో చెడ్డీలు కుక్కింది.

"చూడు బిడ్డా," అంది నాతో. "ఆయనకు లుంగీలు పోవాల్నా వద్దా? పోవాలె. సకినాలు పోవాల్నా? పోవాలె. మరి నడుమ ఇంకో మెత్తటిది ఎందుకు? అక్కడ ఇప్పినంక పారేసేటిది ఒక్కటి ఉండద్దు. కిలోల లెక్క కద ఇమానంల."

"బాపు లుంగీ కట్టుకుంటె వాము వాసన వస్తదంట," అంది స్వప్న. "గదిల ఉన్నోళ్ళు నవ్వుతరంట అమ్మా."

"నవ్వనీ. ఇంటి వాసనే గద, పాడు వాసన గాదు."

మామిడికాయ తొక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె కూడా ప్లాస్టిక్ సంచులే తీసింది. మూడు పొరలు, మూతి మడిచి కొవ్వొత్తి మంట మీద అతికించింది. నేను చూస్తున్నానని గమనించి, "దీనికి వేరే ఉపాయం దొరకలే," అంది. "గాజు సీస బరువాయె. నూనె కారితె లుంగీలు, అప్పాలు అన్ని ఆగం. నీకు దొరికితె నాకు చెప్పు." నాకూ ఇంతవరకు దొరకలేదు. ఇది మొదటే చెప్పేస్తున్నాను, మా షెడ్డు నుంచి తొక్కు ఇంకా ప్లాస్టిక్‌లోనే పోతోంది.

రాత్రి వేడన్నంలో పచ్చిపులుసు, వేయించిన చిన్న చేపలు. మా ఇంట్లో పచ్చిపులుసులో బెల్లం వేస్తాం, వాళ్ళు వేయరు. నా ముఖం చూసి స్వప్న నవ్వాపుకుంది. మూట విప్పితే ముప్పై మూడే మిగిలాయి. స్వప్న వాళ్ళమ్మ పేపర్లు తీసేసి తన తువ్వాల ఒకటి డబ్బాలో పరిచి మళ్ళీ పేర్చింది. పడుకునే ముందు డైరీలో రాసుకున్నాను: "మెత్తగా పెట్టేది కూడా అవతలివాళ్ళకు పనికొచ్చేదే అయి ఉండాలి." మా పది ఇళ్ళ వాళ్ళకు లుంగీలు పంపలేం కదా అని దాని కింద రాసుకున్నాను.

నిర్మల్

తువ్వాల బాగానే కాపాడింది. నిర్మల్‌లో ముప్పై ఒకటి. అయినా రెండు ఎందుకు విరిగాయో అర్థం కాలేదు.

బొమ్మలు చేసే వీధికి వెళ్ళాను. కొయ్యబొమ్మలు దూరదూరాలకు విరగకుండా పోతాయి కదా, వాళ్ళెలా కడతారో చూద్దామని. ఒక గుమ్మం దగ్గర ఆగాను. లోపల పెద్దాయన పొనికి చెక్క చెక్కుతున్నాడు. ఆయన భార్య చిలుకలకు పచ్చరంగు వేస్తోంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక చిలుకల వైపు చూస్తూ పావుగంట నిలబడ్డాను.

"చిలుకలు మాట్లాడవమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండానే. "నువ్వన్న మాట్లాడు."

చెప్పాను. ఫోటో సంగతి, నలభై సకినాల సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో. ఆయన డబ్బా తీసుకొని చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు. లోపల సన్నగా టకటక.

"ఇగో, నడుస్తున్నయి. నడిచేటివి ఒకదాన్నొకటి కొట్టుకుంటయి. కింద మెత్తగ పరిస్తె సాలదు తల్లీ. సందు ఉండద్దు. సందు లేకుంటె నడక లేదు, నడక లేకుంటె ఇరుగుడు లేదు."

ఒక బుట్టలో చెక్క అరటిపళ్ళు, సీతాఫలాలు పేర్చి, తన కాళ్ళ దగ్గర రాలిన చెక్కపొట్టును గుప్పిళ్ళతో సందుల్లో పోశాడు. పొనికి పొట్టు దూదిలా ఉంటుంది. ఊపాడు. ఒక్క చప్పుడు లేదు. "దీని పొట్టే దీనికి. అయినా కొందరు బుడగల షీటు కావాలంటరు. బొమ్మ కోసం కాదు, దాన్ని పుటుక్కు పుటుక్కుమని ఒత్తుకునేటందుకు."

నాకు కూడా కాస్త పొట్టు మూట కట్టబోయాడు. ఆమె కుంచె పట్టుకునే అంది, "తినేటివాటికి పొట్టు ఏందయ్యా? పండ్ల సందుల్ల ఇరుకుతది. ఆ పిల్ల బేరం నువ్వే చెడగొట్టేటట్టున్నవ్." ఆయన నాలుక కరుచుకున్నాడు. బదులుగా బొమ్మల ముక్కలు అతికించే చింతగింజల జిగురు చిన్న గిన్నెలో నాకు చూపించి, ఎలా ఉడికించాలో చెప్పాడు. "చిరునామా కాయిదం దీంతోని అంటియ్యి. టేపు ఊడినా ఇది ఊడది." ఆయన వద్దంటున్నా, ఊరికే చెప్పించుకోవడం బాగుండదని ఎనభై రూపాయలకు ఒక చిలుకను కొనుక్కున్నాను. ఇప్పుడది నా డైరీ మీద కూర్చుంటుంది.

ఘాట్ ముందు, ఘాట్ తర్వాత

బస్టాండు బయట అడవి ఊళ్ళ ఆడవాళ్ళు సీతాఫలాలు అమ్ముతున్నారు. బుట్ట అడుగున, అంచుల్లో, పండ్ల నడుమ పచ్చటి మోదుగాకులు. ఎంత అందంగా ఉందంటే, ఇదే నేను వెతుకుతున్నది అనిపించింది. మెత్తగా ఉంది, సందు లేదు, పారేసినా మేక తింటుంది. ఐదు పండ్లు కొని, "ఆకులు కూడా ఇస్తారా?" అని అడిగాను. ఆమె ఎందుకని కూడా అడగలేదు, కట్ట మొత్తం ఇచ్చేసింది. బెంచీ మీద కూర్చుని తువ్వాల తీసేసి, ప్రతి సకినానికీ అటు ఆకు, ఇటు ఆకు పెట్టి సందు లేకుండా కుక్కాను. ఊపి చూశాను. చప్పుడు లేదు.

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు. వానలు వెనక్కి తగ్గిన రోజులు. టేకు చెట్లు నిండుగా ఉన్నాయి. మలుపు మలుపుకూ జనం ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నారు. పక్కనున్న ముసలాయన నా భుజం మీద పడి మూడుసార్లు "ఏమనుకోకు బిడ్డా" అన్నాడు. నేనేమీ అనుకోలేదు. డబ్బాకు చెవి ఆనించి కూర్చున్నాను. చప్పుడు లేదు. దారి దొరికింది, ఇక ఇచ్చోడలో తెలుసుకోవలసింది కూడా లేదేమో అనుకున్నాను.

ఇచ్చోడ

సరిత వాళ్ళ నానమ్మ శాంతాబాయి. ముంగిట్లో మంచం మీద కూర్చొని ఉంది. ఆ వైపు మాటల్లో మరాఠీ కలుస్తుంది.

"సరిత పంపిన పోరివి నువ్వేనా? బస్, బస్. కూసో."

కూర్చోకుండానే మూట విప్పాను. గెలిచి వచ్చినదానిలా ఉన్నాను. ఆకులు తీసి లెక్కపెట్టాను. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ ఉన్నాయి. "ఒక్కటీ విరగలేదు అవ్వా!" అన్నాను గట్టిగా.

శాంతాబాయి ఒకటి తీసుకొని విరవబోయింది. అది విరగలేదు. వంగింది. ఇటు వంచింది, అటు వంచింది. దాని రెండు కొసలూ కలిపి నా ముఖం ముందు పట్టుకుంది.

"అరే దేవా! ఇది సకినమా, రబ్బరు గాజా? చేతికి తొడుక్కోవచ్చు."

గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ మంచం కోడు పట్టుకొని నిలబడ్డాను, కళ్ళల్లో నీళ్ళు. చిన్నమ్మ, ఆ నలుగురు, ఆ పది ఇళ్ళు, అందరూ గుర్తొచ్చారు.

"నక్కో, నక్కో. ఏడ్వకు," అంది శాంతాబాయి, నన్ను లాగి పక్కన కూర్చోబెట్టుకుంటూ. "సీతాఫలం ఇంక బతికే ఉన్నది, దానికి పచ్చాకు కావాలె. సకినం నూనెల కాలి వచ్చింది, దానికి ఎండాకు కావాలె. గంతే. ఏయ్, పెనం పెట్టు," అంది కోడలితో. సన్నని సెగ మీద రెండేసి చొప్పున వేడి చేస్తే చల్లారాక మళ్ళీ కరకరలాడాయి. ప్రాణం లేచి వచ్చింది.

ఆ పూట జొన్నరొట్టె, వంకాయ కూర, ఎర్రటి ఉల్లిగడ్డ కారం. మా వైపు జొన్నరొట్టె ఈమధ్య షుగరున్న వాళ్ళ తిండి అయిపోయింది. అక్కడ మాత్రం అది అందరి తిండి. కోడలు చేత్తో కొడుతూ పొయ్యి ముందు నుంచే వేడివేడిగా కంచంలోకి విసిరింది. మూడు తిన్నాను. నాలుగోది వద్దంటే శాంతాబాయి ఒప్పుకోలేదు.

తిన్నాక ఆమె చెవి దగ్గరికి జరిగి, ధైర్యం చేసి అడిగాను. "అవ్వా, మీ పెళ్ళికి వచ్చిన సకినాలు ఒక్కటి కూడా విరగలేదట కదా?"

ఆమె కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఎవలు చెప్పిన్రు, సరితనా? సగం ఇరిగినయ్! మా అత్త బుట్ట మూత తీసి, 'పిల్లనిచ్చిన్రు సరే, గీ నూకలు ఎందుకిచ్చిన్రు?' అన్నది అందరి ముందట. సిగ్గుతోని సచ్చిన."

"మరి?"

"మా ఆయికి తెలిసింది. ఆయి అంటె మా అమ్మ. మలిసారి నేను పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు వేరే తీరు కట్టింది. అప్పటి నుంచి ఇరగలే. చూస్తవా?"

తెల్లారి చూపించింది. అటక మీది నుంచి మూత ఉన్న వెదురుబుట్ట దింపించింది. పాతబడి నల్లగా నిగనిగలాడుతోంది. నీడలో బరువు కింద ఆరబెట్టిన మోదుగాకుల విస్తరి ఒకటి అడుగున వేసింది. సకినాలను సైజు చూసి ఏరి, ఒకదాని మీద ఒకటి, నాలుగు దొంతరలుగా నిలబెట్టింది. తర్వాత కోడలు వేయించే మట్టికుండ, మంగలంలో గుప్పెడు జొన్నలు పోసింది. అన్ని జొన్నలూ పేలవట, పేలాల కోసం వేరే రకం దాచుకుంటారు. మంగలం వేడెక్కగానే చిటపటమంటూ తెల్లటి పేలాలు పొంగుకొచ్చాయి. చల్లారిన పేలాలను శాంతాబాయి దోసిళ్ళతో దొంతరల నడుమ, పక్కల, సకినాల చుట్టల సందుల్లో పోసింది. బుట్టను కుదిపింది. దిగిన చోట మళ్ళీ పోసింది. చివరికి బుట్టను ఎత్తి, వినపడని తన చెవి దగ్గర కాదు, నా చెవి దగ్గర పెట్టి ఊపింది.

"ఏమన్న ఇనవడ్తుందా?"

"లేదు అవ్వా."

"సందు లేదు మరి." నిర్మల్ పెద్దాయన మాటే ఆమె నోట విన్నాను. "పేలాలు తేమ గుంజుతయి, సకినం మెత్తబడది. ఇంకోటి, మా అత్తింట్ల పోరగాండ్లు మస్తుమంది. ముందు పేలాల మీద పడుతరు. సకినాలు పెద్దోళ్ళకు మిగులుతయి."

పారేసేది ఒక్కటీ లేదు. ఖానాపూర్ కార్టన్ గుర్తొచ్చింది. పేలాలు మా పది ఇళ్ళ వాళ్ళు కట్టుకోలేరు గానీ, తినగలరు.

"మరి బుట్ట?" అన్నాను. "అది అత్తగారింట్లోనే ఉండిపోతుంది కదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎందుకుంటది? వాపసు పోవాలె. మా అత్త నూకలన్నది గని, బుట్టల పెసర్లు పోసి పంపింది. వట్టి బుట్ట పంపుతరా ఎవలన్న? మల్ల మా ఆయి అరిసెలు పెట్టి పంపింది. గట్ల పోయుడు వచ్చుడు, పోయుడు వచ్చుడు. గీ బుట్ట ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు." మూత అంచును వేలితో రుద్దింది. "తర్వాత కవర్లు వచ్చినయ్. కవరు వాపసు ఎవలు పంపుతరు? మా ఆయి ఇంటికి పోయుడు గూడ తక్కువైంది అప్పట్నుంచి."

ఊళ్ళో మేదరి వాళ్ళ ఇంటి ముందు పది మూతబుట్టలు కొన్నాను. ఒక్కోటి నూట ఇరవై. పేలాల జొన్నలు, ఎండిన విస్తర్లు శాంతాబాయి ఇంట్లోనే ఇచ్చారు. ముప్పై ఒక్క సకినాలను ఒక బుట్టలో పేలాలతో అలాగే కట్టుకొని తిరుగు బస్సెక్కాను. గుడిహత్నూర్ నుంచి ఎవరో తెచ్చిన ఉల్లిగడ్డల బస్తా నా కాళ్ళ మీద, బుట్ట మీద సగం కూర్చుంది. కరీంనగర్‌లో చిన్నమ్మ ముందు మూత తీశాను. ముప్పై బాగున్నాయి. విరిగిన ఒక్కదాన్ని ఇద్దరం చెరి సగం తిన్నాం.

మళ్ళీ షెడ్డులో

చిన్నమ్మ పేలాలు నోట్లో వేసుకుంటూ బుట్టను తిప్పి తిప్పి చూసింది. పెళ్ళి సకినాల సంగతి విని, "మీ నానమ్మకు నూకలు వచ్చినయంట గదనే!" అని సరితను సాయంత్రం దాకా ఏడిపించింది. తర్వాత అసలు మాట అంది.

"అంత మంచిగనే ఉన్నది. గని బుట్ట వాపసు వస్తెనే మనకు గిట్టుబాటు. హైదరాబాద్ పోయిన బుట్ట మల్ల కరీంనగర్ ముఖం చూస్తదా? వాళ్ళకు ఫోన్ చేసి అడుగు."

ఫోన్‌లో కొత్తవాళ్ళతో మాట్లాడటం నా వల్ల కాదు. "రాస్తాను," అన్నాను. పది కాగితాల మీద ఇలా రాసి ఒక్కో బుట్టలో మూత కింద పెట్టాను:

"ఈ బుట్టలో తెల్లగా ఉన్నవి జొన్న పేలాలు. సకినాలు విరగకుండా పోశాం. తినేవే, పారేయకండి. ఆకును మొక్క మొదట్లో వేయండి. బుట్ట మాత్రం మాకు తిరిగి కావాలి. ఇచ్చోడలో ఒక అవ్వ ఇలాంటి బుట్టను తన జీవితమంతా పుట్టింటికీ అత్తింటికీ తిప్పింది."

బుట్టలను నూలుగుడ్డలో కుట్టి, చింతగింజల జిగురుతో చిరునామా అంటించి బస్టాండులో పార్సిల్ కౌంటరుకు తీసుకెళ్ళాం. అక్కడాయన బుట్టను గోకి చూసి, "టేపు లేదు? కవరు లేదు? గిదేం పార్సిల్ అక్కా, పెండ్లి సారెనా?" అన్నాడు. "గంతే అనుకో," అంది చిన్నమ్మ.

రెండో రోజు హైదరాబాద్ నుంచి సమాచారం వచ్చింది. పది ఇళ్ళకు కలిపి ఏడు విరిగాయి. అంతకుముందు ఒక్కో డబ్బాలోనే ఏడు విరిగేవి. వచ్చే నెలా పంపమన్నారు. అందరూ సంతోషించారు. బుట్టల మాట మాత్రం అందులో లేదు.

"ఎనిమిది దినాలు చూస్త," అంది చిన్నమ్మ. "రాకుంటె ప్రతి నెల పది కొత్త బుట్టలు కొనుడు నాతోని కాదు. వాళ్ళకు చెప్పుకుందాం, మల్ల అట్టడబ్బే." బుడగల షీటు చుట్ట షెడ్డు మూలలోనే ఉంది. రోజూ దాని పక్కనుంచే వెళ్ళి కూర్చునేదాన్ని. ఐదో రోజు, ఆరో రోజు, ఏడో రోజు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పార్సిల్ కౌంటరాయన ఫోన్ చేశాడు. "అక్కా, మీ పెండ్లి సారె వాపసు వచ్చింది."

ఒకదాంట్లో ఒకటి దూర్చి, తాడుతో కట్టి, ఏడు బుట్టలు. మూడు రాలేదు. తాడుకు కట్టిన కాగితం చూసి చిన్నమ్మ ఆ మూడు ఇళ్ళ పేర్లు గట్టిగానే చదివింది. నాలుగు బుట్టలు ఖాళీ. ఒకదానిలో కాగితంలో చుట్టిన పసుపుకొమ్ములు. ఒకదానిలో రెండు నిమ్మకాయలు. అన్నిటికంటే పైన ఉన్నదానిలో కరివేపాకు కట్ట, వాడిపోయింది గానీ మూత తీయగానే వాసన షెడ్డంతా నిండింది. చిన్న చీటీ ఉంది: "బాల్కనీలో కుండీలోది. ఖాళీ బుట్ట పంపకూడదని మా అత్తగారు అన్నారు."

చిన్నమ్మ ఆ కరివేపాకును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. తర్వాత బుడగల షీటు చుట్ట ఎత్తి అటక మీదికి విసిరేసింది. "మూడు బుట్టలు తక్కువ పడ్డయి. ఇచ్చోడకు చెప్పు," అంది.

సరిత నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టింది. కోడలు ఎత్తి శాంతాబాయికి ఇచ్చింది. ఆమెకు వినపడాలని, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా అరిచాను.

"అవ్వా! బుట్టలు తిరిగి వచ్చాయి!"

ఎన్ని వచ్చాయని ఆమె అడగలేదు. సకినాలు ఎన్ని విరిగాయనీ అడగలేదు.

"బుట్టలల్ల ఏం ఏసి పంపిన్రు?" అంది.